మన ఇల్లు – మన వాకిలి: గుడారం మీద గొడుగు



ఈ నెల ఒక చిన్న విషయం గురించి వ్రాస్తున్నాము. చిన్నదని అన్నామే గాని, ఊరు విడిచి తిరిగే కుటుంబాలకు అది చిన్నది కాదు. సొంత ఇల్లు వదలి కొన్ని నెలలపాటు మరొక చోట తలదాచుకునేవారు అక్కడ టి.వి. ఎలా పెట్టుకోవాలి, అసలు పెట్టుకోవాలా వద్దా అన్నదే ఆ విషయం. ఈ ప్రశ్న మమ్మల్ని అడిగినవారు ఒకరిద్దరు కాదు.

అమెరికాలో సెలవులు వచ్చినప్పుడు కొన్ని కుటుంబాలు ఇల్లులాంటి మోటారు బండిలో బయలుదేరుతాయి. పడకలు, వంట పొయ్యి, నీళ్ళ తొట్టి అన్నీ అందులోనే ఉంటాయి. ఏ అడవి పక్కనో ఆపుకొని, బండి పైకప్పు మీదనో పక్కన నేల మీదనో ఒక డిష్ నిలబెట్టి సాయంకాలం టి.వి. చూస్తారు. అక్కడ స్థిరపడిన మన తెలుగువారి పిల్లలు సెలవులకు వచ్చినప్పుడు ఆ సంగతులు చెబుతుంటే మన వృద్ధులు ఆశ్చర్యపోతారు. కాని ఆలోచించి చూడండి. అటువంటి కాపురం మనకు కొత్తదా? వారు సరదాకు చేసేది మన వారు కూటికోసం చేస్తున్నారు.

దిల్‌సుఖ్‌నగర్ నుండి చైతన్యపురి, కొత్తపేట మీదుగా ఎల్.బి.నగర్ చౌరస్తా వరకు ఒకసారి నడచి రండి. 2018 సెప్టెంబరు 24న ఆ దారిన మెట్రో రైలు వచ్చింది. అటుపక్క ఇటుపక్క అపార్టుమెంట్లు లేస్తూనే ఉన్నాయి. లేస్తున్న ప్రతి పెద్ద కట్టడం వెనుక రేకుల గదుల వరుస ఒకటి ఉంటుంది. నీలిరంగు పట్టా కప్పిన గుడిసెలు ఉంటాయి. పాలమూరు నుండి, నల్లగొండ నుండి, శ్రీకాకుళం నుండి, ఒడిశా నుండి, బీహారు నుండి వచ్చిన మేస్త్రీలు, కూలీలు పని పూర్తయ్యేవరకు అందులోనే కాపురముంటారు. తలెత్తి చూస్తే ఆ పట్టాల మధ్య ఒక వెదురు బొంగుకో ఇనుప గొట్టానికో కట్టిన చిన్న గొడుగు కనిపిస్తుంది. అదే డిష్. గోడలు లేని ఇంటికి కూడా ఆకాశం నుండి బొమ్మ దిగుతున్నది.

ఈ గొడుగుకు మన జిల్లాలతో పాత సంబంధం ఉన్నది. 1975 ఆగస్టు 1 నుండి 1976 జూలై 31 వరకు మన దేశంలో ఒక పెద్ద ప్రయోగం జరిగింది. అమెరికావారి ఏ.టి.ఎస్.–6 అనే ఉపగ్రహాన్ని ఏడాదిపాటు తీసుకొని, మన ఇస్రో శాస్త్రజ్ఞులు ఆరు రాష్ట్రాలలో సుమారు 2400 గ్రామాలకు నేరుగా టి.వి. అందించారు. ఆంధ్రప్రదేశ్‌లో మహబూబ్‌నగర్, మెదక్, కర్నూలు, హైదరాబాదు జిల్లాల పల్లెలు అందులో ఉన్నాయి. కోళ్ళ గూళ్ళకు కట్టే ఇనుప వలతో చేసిన పదడుగుల గొడుగులు బడి దగ్గరా పంచాయతీ దగ్గరా నిలబెట్టారు. పొద్దున బడిపిల్లలకు, సాయంకాలం పెద్దలకు తెలుగులో వ్యవసాయం, ఆరోగ్యం, పాఠాలు చూపించారు. హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం మొదలైంది 1977లో. అంటే నగరం కంటే ముందే పాలమూరు పల్లె టి.వి. చూసింది! ఆ పల్లెల మనుమలు, మనుమరాండ్రే నేడు నగరానికి వచ్చి మన ఇండ్లు కడుతున్నారు.

తరువాతి సంగతి మీకు తెలిసినదే. మొదట మన మేడల మీద రామంతాపూర్ దూరదర్శన్ కోసం పొడవాటి అల్యూమినియం యాంటెన్నాలు లేచాయి. కాకి వాలితే బొమ్మ చెదిరేది. 1991లో గల్ఫ్ యుద్ధం నాటినుండి పెద్ద డిష్‌లు, కేబుల్ తీగలు వచ్చాయి. 1995లో ఈటీవీ, జెమిని వచ్చేసరికి మన సందులలో ఇంటి నుండి ఇంటికి తీగలు అల్లుకున్నాయి. ఇంటింటికి నేరుగా వచ్చే చిన్న డిష్ మన దేశంలో 2003లో మొదలైంది. 2004 డిసెంబరులో ప్రసార భారతి నెలరుసుము లేని సేవను ప్రారంభించింది. దానినే నేడు డీడీ ఫ్రీ డిష్ అంటున్నాము.

మన సంఘాలలో టి.వి.ని ఇంట్లోకి రానివ్వరాదని గట్టిగా బోధించిన కాలం ఒకటుండేది. ఆ పెద్దలు కుటుంబాల క్షేమం కోరే అలా చెప్పారు. వారిని తేలిక చేయము. అయితే ఈ దినాల్లో ప్రశ్న మారింది. గదిలో నలుగురుంటే నలుగురి చేతిలో నాలుగు ఫోనులు, నాలుగు చెవులకు నాలుగు తీగలు. ఎవరేమి చూస్తున్నారో పక్కవారికి తెలియదు. ఒకే తెర ముందు అందరూ కూర్చునే టి.వి.లో కనీసం తల్లికి కనబడనిది పిల్లవాడికి కనబడదు. అందుచేత మేము దానిని గుడ్డిగా వద్దనము, గుడ్డిగా రమ్మనము.

రెండు సంవత్సరాల క్రితం ఎల్.బి.నగర్ అవతల ఒక కట్టడం దగ్గర రేకుల గదులలో ఉన్న ఒక కుటుంబాన్ని దర్శించాము. నాగర్‌కర్నూలు వైపు వారు. భర్త సెంట్రింగు పని, భార్య ఇటుకలు మోసే పని, కుమార్తె పదవ తరగతి, కుమారుడు చిన్నవాడు. భర్త రెండు వేలు పెట్టి డిష్, డబ్బా తెచ్చాడు. పాత టి.వి. ఎవరో ఇచ్చారు. భార్య మాతో ఇలా అన్నది: “అయ్యగారూ, ఈ డబ్బా వచ్చిన సంది ఈయన పొద్దుగూకంగనే ఇంటికొస్తుండు. గది మంచిదే. కానీ పిల్ల పుస్తకం ముట్టుడు బందైంది. గీ ఒక్క రూములనే అందరం. చుట్టుపక్కలోళ్ళు గూడ గీడికే వస్తరు. ఏం జెయ్యాలె?”

భర్త తల వంచుకొని కొంతసేపు మాట్లాడలేదు. తరువాత, “వద్దంటే తీసేస్త అయ్యగారూ. కానీ తీసేస్తే నేను మళ్ళ కల్లు కాంపౌండుకు పోత. నా సంగతి నాకెరుక” అన్నాడు.

ఆ మాటలో ఎంత నిజాయితీ ఉన్నదో చూడండి. ఒకపక్క తండ్రి సాయంకాలం, మరొకపక్క బిడ్డ చదువు. పది అడుగుల గదిలో ఆ రెండూ ఇమడాలి. మేము వెంటనే తీర్పు చెప్పలేదు. “అమ్మా, నీవేమంటావు?” అని ఆ అమ్మాయినే అడిగాము. ఆమె తండ్రి ముఖం చూసి, “తీసెయ్యొద్దు. నాకు ఏడున్నర నుంచి తొమ్మిదిన్నర దాంక ఇయ్యుండ్రి. చాలు” అన్నది.

ఆ రాత్రే తండ్రి టి.వి. స్విచ్చుబోర్డును గోడ మీద నుండి తీసి అమ్మాయి కూర్చునే మూలకు మార్చాడు. వేసేదీ ఆపేదీ ఆమె. పని నుండి వచ్చి స్నానం చేసి ఏడున్నర వరకు అందరూ చూసేవారు. తరువాత ఆమె ఆపేది. ఆ రెండు గంటలూ తండ్రి గడప బయట పీట వేసుకొని కూర్చునేవాడు. టి.వి. కోసం వచ్చిన ఇరుగుపొరుగువారిని అక్కడే ఆపి, మెల్లగా మాట్లాడమని చేతితో సైగ చేసేవాడు. పరీక్షలన్నీ అలాగే గడిచాయి. ఎండాకాలంలో అక్కడి పని పూర్తయింది. ట్రాలీ ఆటోలో బియ్యపు బస్తాల మీద డిష్ బోర్లించుకొని ఘట్‌కేసర్ వైపు వెళ్ళిపోయారు. గణితంలో మార్కులు తగ్గాయని బాధపడుతూనే, పాసయ్యానని ఆ అమ్మాయి మాకు ఫోను చేసింది.

ఆ కుటుంబం వెళ్ళిన తరువాత అనేకులు మమ్మల్ని డిష్ పెట్టుకునే విధానం కూడా వ్రాయమన్నారు. ఇల్లు మారిన ప్రతిసారీ మనిషిని పిలిచి డబ్బులిచ్చే స్థోమత అందరికీ ఉండదు. ఎలక్ట్రికల్ పని తెలిసిన సహోదరుల దగ్గర కూర్చొని నేర్చుకున్నది క్రింద చెబుతున్నాము.

మొదట పనిచేసే తీరు గ్రహించండి. ఉపగ్రహం భూమధ్యరేఖకు పైన సుమారు 36 వేల కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. భూమి ఒకసారి తిరిగేలోగా అదీ ఒకసారి తిరుగుతుంది గనుక మనకు కదలనట్టే కనిపిస్తుంది. అందుకే డిష్‌ను ఒకసారి సరిగ్గా తిప్పిపెడితే మళ్ళీ ముట్టనక్కరలేదు. డిష్ అద్దంలాంటిది. పైనుండి పడిన తరంగాలను ముందున్న ఎల్.ఎన్.బి. అనే చిన్న ముక్కు మీదకు చేరుస్తుంది. అది తీగ ద్వారా డబ్బాకు పంపుతుంది.

ఏ సేవకు ఏ దిక్కు అన్నది రెండవ సంగతి. ఫ్రీ డిష్ వచ్చేది తూర్పు రేఖాంశం 93.5 డిగ్రీల దగ్గరున్న జీశాట్–15 నుండి. దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ ప్రాంతాల నుండి చూస్తే అది ఉత్తరం నుండి కుడివైపుగా లెక్కించి సుమారు 138 డిగ్రీలు, ఆకాశంలో 63 డిగ్రీల ఎత్తు. లెక్క ఎందుకు, మన ఇండ్లలో వంటగది మూల అందరికీ తెలుసు గదా! ఆగ్నేయం. ఆ మూలకు తిరిగి తల బాగా పైకెత్తితే చాలు. టాటా ప్లే వారిది 83 డిగ్రీలు గనుక దక్షిణానికి దగ్గరగా, ఇంకా ఎత్తున ఉంటుంది. ఎయిర్‌టెల్ వారిది 108.2 డిగ్రీలు గనుక తూర్పు వైపుకు జరిగి, కొంచెం క్రిందికి ఉంటుంది. ఒకరి కోసం పెట్టిన డిష్‌ను తిప్పకుండా మరొకరి డబ్బా తగిలిస్తే బొమ్మ రాదు. కర్నూలు వెళ్ళినా విజయవాడ వెళ్ళినా ఫ్రీ డిష్‌కు ఆగ్నేయమే. కాని రెండు మూడు డిగ్రీల తేడా వస్తుంది. చిన్న డిష్‌కు ఆ తేడా చాలు బొమ్మ పోవడానికి. కాబట్టి ఊరు మారిన ప్రతిసారీ సరిచేసుకోవాలి.

మూడవది స్థలం. ఆగ్నేయ దిక్కున చెట్టు గాని, గోడ గాని, క్రేన్ గాని అడ్డుండరాదు. ఒక సుళువైన లెక్క చెబుతాము. అడ్డంగా ఉన్న గోడ డిష్ కంటే ఎంత ఎత్తుగా ఉన్నదో, అందులో సగం దూరాన్ని మించి డిష్ ఎడంగా ఉండాలి. గోడ 30 అడుగులు ఎత్తుంటే 15 అడుగులకు మించి, 20 అడుగులు జరిపితే నిశ్చింత. వేపచెట్టు క్రింద ఎండాకాలం వచ్చిన బొమ్మ ఆకులు దట్టమై తడిసినప్పుడు పోతుంది. గుడిసె మీదనే కట్టాలని నియమమేమీ లేదు. గాలికి గుడిసె ఊగితే డిష్ కూడా ఊగుతుంది. ఖాళీ నేల మీద ఇనుప గొట్టం నిలబెట్టి, దాని కాళ్ళ మీద నాలుగు ఇసుక బస్తాలు పెట్టడమే మేలు.

నాలుగవది గొట్టం. అది నిటారుగా లేకపోతే ఎంతసేపు తిప్పినా ఫలితముండదు. మేస్త్రీల ఇంట్లో తూకం గుండు ఉండనే ఉంటుంది. దానితో రెండువైపులా చూసుకోండి. డిష్ వెనుక ఉన్న పట్టీ మీద ఎత్తుకు గీతలుంటాయి. గొట్టం నిటారుగా ఉంటేనే ఆ గీతలు నిజం చెబుతాయి. మన చిన్న డిష్‌లలో ముక్కు మధ్యలో కాక క్రింది అంచు వైపుగా ఉంటుంది. అందుచేత డిష్ చూడడానికి ఉన్నదానికంటే నిటారుగా కనిపిస్తుంది. కంటితో అంచనా కట్టక గీతలనే నమ్మండి.

ఐదవది తిప్పడం. డబ్బా ఆపి ఉన్నప్పుడే తీగ బిగించండి. ముక్కుకు కావలసిన కరెంటు డబ్బా నుండి ఆ తీగలోనే వెళుతుంది. లోపలి రాగి తీగ, పైన అల్లిన జల్లెడ తగులుకుంటే డబ్బా పాడవుతుంది. తరువాత టి.వి.ని బయట కనబడేచోట పెట్టి, డబ్బాలో సిగ్నల్ చూపించే పేజీ తెరవండి. అందులో రెండు గీతలుంటాయి. స్ట్రెంగ్త్ అన్న గీత తీగ, ముక్కు బాగున్నాయని మాత్రమే చెబుతుంది. క్వాలిటీ అన్న గీత లేస్తేనే సరియైన ఉపగ్రహం దొరికినట్టు. అనేకులు మొదటి గీత చూసి సంతోషించి, బొమ్మ రాలేదని డబ్బాను తిడతారు. ఎత్తు గీతల ప్రకారం పెట్టి, డిష్‌ను పక్కకు వ్రేలెడు వ్రేలెడు మాత్రమే జరపండి. జరిపిన ప్రతిసారీ నాలుగైదు క్షణాలు ఆగండి, డబ్బాకు ఆలోచించుకునే సమయమివ్వాలి. క్వాలిటీ లేచిన తరువాత ముక్కును దాని పట్టీలో కొద్దిగా అటూ ఇటూ తిప్పి ఎక్కడ ఎక్కువ వస్తే అక్కడ బిగించండి. చివరగా గొట్టం మీద రంగుతో ఒక గుర్తు పెట్టండి. గాలికి జరిగితే పిల్లలైనా మళ్ళీ ఆ గుర్తుకు తేగలరు.

కరెంటు లేనిచోట బ్యాటరీ సంగతి. 12 వోల్టుల, 150 ఏ.హెచ్. బ్యాటరీలో లెక్క ప్రకారం 1800 వాట్ గంటల శక్తి ఉంటుంది. బ్యాటరీ చాలాకాలం నిలవాలంటే సగమే వాడుకోవాలి, అంటే 900. చిన్న ఎల్.ఈ.డి. టి.వి., డబ్బా, ఇన్వర్టరు నష్టం కలిపి 60 వాట్లనుకుంటే 15 గంటలు వస్తుంది. రోజుకు రెండు గంటలు చూసే ఇంటికి వారం గడుస్తుంది. లారీలో కాపురముండే డ్రైవరు సహోదరులు జాగ్రత్త! పెద్ద లారీలలో 24 వోల్టులుంటుంది. డబ్బాను నేరుగా తగిలిస్తే మాడిపోతుంది.

ఇక ప్రాణానికి సంబంధించిన మాటలు. వీటిని మీ ఇంట్లో గట్టిగా చదివి వినిపించండి. కరెంటు స్తంభానికి డిష్ కట్టరాదు. ఇనుప గొట్టం ఎత్తేటప్పుడు పైన తీగలున్నాయేమో చూడండి. గొట్టం ఎంత పొడవో అంతకు రెట్టింపు దూరంలో తీగలుండాలి. పిట్టగోడ లేని స్లాబు అంచుకు వానలో ఎక్కవద్దు. ఉరుములు మొదలైతే డబ్బా ఆపి, తీగ ఊడదీసి, ప్లగ్గు కూడా తీయండి. గట్టి వాన కురిసేటప్పుడు బొమ్మ పోవడం సహజం. వాన చినుకులు ఆ తరంగాలను మింగుతాయి. వాన తగ్గగానే బొమ్మ తిరిగి వస్తుంది. దానికోసం పిల్లవాడిని పైకెక్కించి డిష్ తిప్పించవద్దు. మార్చిలోనూ, సెప్టెంబరు, అక్టోబరు మధ్యలోనూ కొన్ని రోజులు పగలు పదకొండు ప్రాంతంలో కొద్ది నిమిషాలు బొమ్మ పోవచ్చు. సూర్యుడు ఉపగ్రహం వెనుకకు వస్తాడు గనుక అలా జరుగుతుంది. అప్పుడూ ఏమీ ముట్టనక్కరలేదు.

ఖర్చు విషయం కూడా స్పష్టంగా చెప్పుకుందాము. ఫ్రీ డిష్‌కు డబ్బా, డిష్ కలిపి సుమారు రెండు వేల రూపాయలు, ఒక్కసారే. నెలనెలా ఏమీ కట్టనక్కరలేదు. కోఠి గుజరాతీ గల్లీలో విడి సామాను దొరుకుతుంది. డీడీ యాదగిరి, డీడీ సప్తగిరి అందులో వస్తాయి. తెలుగు ప్రైవేటు చానళ్ళు మాత్రం తక్కువ. ఆ చానళ్ళే కావాలంటే నెలరుసుము కట్టే సేవ తీసుకోవాలి. చిట్టీ కట్టవలసిన డబ్బుతో, అప్పు తెచ్చిన డబ్బుతో ఆ పని చేయవద్దు. ఊరికి వెళ్ళి రెండు నెలలుండేవారు ముందుగానే కంపెనీకి ఫోను చేసి, డబ్బాను మరొక చోట వాడుకోవచ్చునా, ఎంత ఖర్చవుతుందో అడిగి తెలుసుకోండి.

దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్ళలో ఉండి చదువుకునే యౌవనస్థులకు ఒక మాట. మీరూ గుడారాల్లో ఉన్నవారే. మీ గదిలో డిష్ లేకపోవచ్చు, జేబులో అంతకంటే పెద్ద ఆకాశం ఉన్నది. పైన చెప్పిన కుటుంబంలో స్విచ్చు ఎవరి చేతిలో ఉన్నదో గుర్తుంచుకోండి. చదవవలసిన మనిషి చేతిలోనే ఉన్నది. ఎవరూ ఆమెకు కాపలా లేరు. మీ గదిలో ఆ స్విచ్చు మీదే.

తల్లిదండ్రులకు మా మనవి ఇది. డిష్ బిగించే రోజుననే, గొట్టం నిటారుగా పెట్టేటప్పుడే, ఇంట్లోవారందరూ కూర్చొని మూడు సంగతులు తేల్చుకోండి. ఎప్పుడు వేయాలి? ఎప్పుడు ఆపాలి? ఆపే అధికారం ఎవరిది? మూడవదానికి జవాబు లేకపోతే మొదటి రెండూ నిలువవు. ఆ అధికారం ఎప్పుడూ తండ్రిదే కావాలని లేదు. ఇంటిలో ఎవరి అవసరం ఎక్కువో వారికివ్వండి. పరీక్షలున్న బిడ్డకు, పగలంతా మోసి అలసిన తల్లికి, జ్వరముతో పడుకున్న ముసలమ్మకు ఇవ్వండి. భోజనం దగ్గర మాత్రం తెర ఆపి ఉంచండి. రోజంతా వేర్వేరు అంతస్తుల మీద పనిచేసినవారు ఒకరి ముఖం ఒకరు చూసుకునేది ఆ అరగంటే.

మన పితరులు గుడారాలలో నివసించినవారే. గుడారం చిన్నదైనా అందులో ఒకరికొకరు చోటిచ్చుకున్న కుటుంబం పెద్దది. కదిలే ఇండ్లలో ఉన్న ప్రతి కుటుంబానికి, వారు కట్టిన ఇండ్లలో ఉంటున్న మనకు సమాధానం కలుగును గాక.